తడి ఆరకముందే

లాండ్రీ, వెనక గది
జనవరి 8

చెల్లికి,

నా చేతిరాత చూసి ఎవరో పోయారనుకుంటావేమో. ఎవరూ పోలేదు. అందరం బాగున్నామని రాద్దామని మొదలుపెట్టి, అది నిజం కాదు కదా అని ఆగిపోయాను. పెద్దవాళ్ళం బాగానే ఉన్నాం. పిల్లకే బాగాలేదు.

పిల్లంటే నా మనవరాలు. మొన్ననే ఐదు నిండాయి. నువ్వు దాన్ని ఫోటోలో తప్ప చూడలేదు. మేమందరం పిట్ట అంటాం. దాని తల్లి, మా అమ్మాయికి రైలు టికెట్ల కౌంటర్లో పగటి డ్యూటీ కాబట్టి బడి వదిలినప్పటినుంచి సాయంత్రం దాకా పిట్ట నా దగ్గరే, ఈ ఇస్త్రీ బల్లల మధ్యే పెరుగుతోంది.

చలికాలం మొదలైనప్పటినుంచీ ఒకటే గోకుడు. మోచేతి మడతలు, మోకాళ్ళ వెనక, మెడ చుట్టూ. మొదట పొడిగా పొట్టు లేచింది, తర్వాత ఎర్రబడింది, ఇప్పుడు కొన్నిచోట్ల చెమ్మ కూడా ఊరుతోంది. దుప్పటి మీద రోజూ నాలుగైదు రక్తపు చుక్కలు. నేను ముప్పయ్యేళ్ళుగా ఊళ్ళోవాళ్ళ మరకలన్నీ వదలగొట్టినదాన్ని, ఆ చుక్కలు చూస్తే మాత్రం చేతులాడవు.

అమ్మాయీ నేనూ దాన్ని చర్మం డాక్టరుకి చూపించాం. ఎగ్జిమా అన్నాడు, ఒక చిన్న ట్యూబు, ఒక పెద్ద డబ్బా రాసిచ్చాడు, అంటుకునే జబ్బు కాదన్నాడు. అన్నీ అర్థమైనట్టు తలూపి వచ్చేశాం. ఇంటికొచ్చాక చూస్తే మా ఇద్దరికీ సగం గుర్తులేదు.

నీకు చిన్నప్పటినుంచీ ఉన్నది ఇదే కదా. నువ్వెలా నెగ్గుకొచ్చావో చెప్పు. ఫోను చేద్దామంటే నువ్వు షాపులో ఎత్తవు, ఇంట్లో ఎత్తినా 'ఊఁ' తప్ప అనవు. ఉత్తరమైతే కనీసం చివరిదాకా వింటావని రాస్తున్నాను. వీలైతే ఒకసారి వచ్చి పిల్లని చూడు.

అక్క

*

గడియారాల షాపు
జనవరి 14

అక్కగారికి,

ఏడేళ్ళకి ఒక ఉత్తరం రాశారు. కవరు విప్పగానే నాకు వరసగా మూడు తుమ్ములు వచ్చాయి. మీ లాండ్రీలో ఆఖరిసారి జాడించేటప్పుడు పోసే సెంటు మందు వాసన కాగితానికి కూడా పట్టేసింది. కాగితానికే ఇంత పడితే పిల్ల గౌనుకి ఎంత పట్టి ఉంటుందో చూసుకోండి. మొట్టమొదట అది ఆపాలి. పిల్ల బట్టలకి గంజి కూడా వద్దు. సబ్బు పూర్తిగా పోయేలా ఇంకోసారి జాడించండి, చాలు.

నెగ్గుకొచ్చానని ఎవరన్నారు. ఇది నెగ్గేది కాదు, కలిసి కాపురం చేసేది. కొన్నాళ్ళు అణిగి ఉంటుంది, కొన్నాళ్ళు మీద పడుతుంది. ఎందుకు వచ్చిందని అమ్మాయి తనని తాను తిట్టుకుంటూ ఉంటే మాన్పించండి. నేను బాగుచేసే గడియారాల్లో వెనక మూత కింద సన్నటి రబ్బరు చుట్టు ఉంటుంది. అది ఎండిపోతే లోపలి నూనె ఆవిరవుతుంది, బయటి దుమ్ము లోపలికి పోతుంది. పిట్ట చర్మానికి ఆ చుట్టు పుట్టుకతోనే కాస్త వదులు. అంతే జరిగింది, ఎవరి తప్పూ లేదు.

కాబట్టి మన పని ఆ చుట్టుని రోజూ బయటినుంచి వెయ్యడం. మీరు నిప్పులు కడిగే మనిషి, పిల్లని పొగలు కక్కే నీళ్ళతో తోమి ఉంటారు. గోరువెచ్చని నీళ్ళు, పది నిమిషాలు, వాసన లేని సబ్బు, అదీ అవసరమైన చోటే. తర్వాత తువ్వాలుతో రుద్దకుండా అద్ది, ఒంటి తడి పూర్తిగా ఆరకముందే పెద్ద డబ్బాలో ఉన్న తేమ నిలిపే మందు దట్టంగా రాయాలి. మూడు నిమిషాలు దాటితే స్నానమే పిల్లని ఎండగడుతుంది. స్నానం లేనప్పుడు కూడా రోజులో రెండు మూడుసార్లు రాయొచ్చు. చిన్న ట్యూబు ఎర్రబడిన చోట్లకి మాత్రమే, పల్చగా, డాక్టరు చెప్పినన్ని రోజులు. స్టెరాయిడ్ అని ఎవరో బెదిరిస్తే మధ్యలో మానేయకండి. మంట ఆరకుండా మానేస్తే మళ్ళీ మొదటికొస్తుంది. అనుమానముంటే డాక్టరునే అడగండి, మీ షాపుకి బట్టలు తెచ్చేవాళ్ళని కాదు.

గోళ్ళు పొట్టిగా కత్తిరించి అంచులు నున్నగా అరగదీయండి. నూలు బట్టలే వెయ్యండి. పాలు మానిపించమని, గుడ్డు మానిపించమని రకరకాలుగా చెప్తారు. పరీక్ష చేయించకుండా ఏదీ మానిపించకండి, పిల్ల చిక్కిపోతుంది తప్ప దురద పోదు. పసుపుపచ్చగా పెచ్చు కట్టినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళాలి.

ఇంకొక్క మాట. 'గోక్కోకు' అని దాన్ని అనకండి. నన్ను రోజుకి నూరుసార్లు అనేవాళ్ళు, విన్నప్పుడల్లా మర్చిపోయిన దురద గుర్తొచ్చేది. చల్లటి తడిగుడ్డ వెయ్యండి, చేతికి ఏదైనా పని ఇవ్వండి.

రావడం కుదరదు. ఎందుకో మీకు తెలుసు.

చెల్లెలు

*

లాండ్రీ, వెనక గది
ఫిబ్రవరి 2

చెల్లికి,

ఆ 'గారు' ఏమిటి, 'మీరు' ఏమిటి. నేనేమైనా నీ షాపుకి గడియారం తెచ్చిన ఖాతాదారునా. నీ ఉత్తరం మీ బావ చేత రెండుసార్లు చదివించుకున్నాను. 'నిప్పులు కడిగే మనిషి' దగ్గరికి వచ్చేసరికి ఆయన ఆగి మరీ నవ్వారు, అందుకు ఆ సాయంత్రం కాఫీ ఇవ్వలేదు.

చెప్పినవన్నీ చేస్తున్నాను. పిట్ట బట్టలకి సెంటు మందు ఆపేశాను. వాసన లేని బట్ట నాకు ఉతికినట్టే అనిపించదు, అయినా మనసు చంపుకున్నాను. గోరువెచ్చని నీళ్ళకి వంటింటి గోడ గడియారం ఎదురుగా పెట్టుకుని పది నిమిషాలు లెక్కపెడుతున్నాను. గోళ్ళు కత్తిరించాను. ట్యూబు, డబ్బా రెండూ రాస్తున్నాను. అయినా ఎక్కడ వేసిన గొంగళి అక్కడే ఉంది. నువ్వు చెప్పినవి నీకు పనిచేశాయంటావా, లేక నన్ను ఊరుకోబెట్టడానికి రాశావా?

మొన్న బడిలో ఒక గొడవైంది. తన కూతుర్ని పిట్ట పక్కన కూర్చోబెట్టొద్దని ఒకావిడ టీచరుకి చెప్పిందట. టీచరు దీన్ని విడిగా కిటికీ దగ్గర కూర్చోబెట్టింది. పిట్ట ఇంటికొచ్చి, 'అమ్మమ్మా, నాకు కిటికీ సీటు వచ్చింది' అని సంబరంగా చెప్పింది. నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు బడి గేటు దగ్గర కాపు కాసి ఆవిడని దులిపేసి వచ్చాను. టీచరునీ వదల్లేదు. ఇప్పుడు మళ్ళీ పాత బెంచీ మీదే కూర్చుంటోంది.

'ఎందుకో మీకు తెలుసు' అన్నావు. నాకు తెలియదు. ఏదో మనసులో పెట్టుకుని పసిపిల్ల మీద చూపించకు. ఒకసారి రా.

అక్క

*

గడియారాల షాపు
ఫిబ్రవరి 9

అక్కకి,

సరే, 'గారు' తీసేశాను.

ముందు పిట్ట సంగతి. ఆ పెద్ద డబ్బాలో ఇంకా ఎంత మిగిలింది? దాని వయసుకి ఒళ్ళంతా సరిగ్గా రాస్తే అర కిలో డబ్బా రెండు మూడు వారాలకి అడుగంటాలి. నువ్వు కొత్త డబ్బా కొన్నట్టు ఎక్కడా రాయలేదు. మూత తీసి చూసి ఉన్నదున్నట్టు రాయి.

ఇక నీకు తెలియదన్న సంగతి. గుర్తు చేస్తాను.

మీ అమ్మాయికి అప్పుడు ఇరవై రోజులు. నాకు ఇరవై ఒక్క ఏళ్ళు. సెలవు పెట్టుకుని వచ్చాను, మోచేతులదాకా కడుక్కుని వచ్చి కూర్చున్నాను. నువ్వు పక్క గదిలో ఉన్నావు. పిల్ల ఏడిస్తే ఎత్తుకున్నాను. నా భుజం మీద తల పెట్టి ఊరుకుంది, నాకు ఊపిరి గట్టిగా పీల్చాలన్నా భయమేసింది. నువ్వు వచ్చావు. పిల్లని నా చేతుల్లోంచి తీసుకుని, చుట్టిన గుడ్డ విప్పి, కాగులో పడేసి మరగబెట్టావు. నేను గుమ్మంలో నిలబడి ఆ ఆవిరి చూస్తూ ఉన్నాను. తర్వాత నాకు విడిగా కంచం పెట్టావు.

ఆ రోజు సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాను. ఎవరూ ఆపలేదు. ఆ తర్వాత మీ ఇంటికి వచ్చిన నాలుగైదుసార్లూ వీధి గదిలో కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళాను. నీ కూతురు నన్ను చూస్తే మర్యాదగా నవ్వుతుంది, దగ్గరికి మాత్రం రాదు. ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బడి గేటు దగ్గర ఆ తల్లిని దులిపేశానన్నావు. బాగుంది. ఆవిడతో ఏమన్నావో ఆ మాటలు నాకు రాసి పంపు. ఒకసారి చదువుకుంటాను.

చెల్లి

*

లాండ్రీ, వెనక గది
ఫిబ్రవరి 20

చెల్లికి,

డబ్బా మూత తీసి చూశాను. ముప్పాతిక వంతు అలాగే ఉంది. నీ దగ్గర దాచి ఏం లాభం, చెప్పేస్తాను, నవ్వుకో.

నువ్వు చెప్పినట్టే తడి ఆరకముందు దట్టంగా రాస్తున్నాను. రాసి, గౌను తొడిగే ముందు మెత్తటి గుడ్డతో తుడిచేస్తున్నాను. ఆ డబ్బాలోది పచ్చి జిడ్డు. జిడ్డు మరక ఎంత మొండిదో నీకేం తెలుసు, సిరా మరక నయం. అది పట్టిన గౌను వేసుకుని లాండ్రీవాళ్ళ మనవరాలు వీధిలో తిరిగితే నా దగ్గరికి బట్టలు ఎవరు తెస్తారు. మందు ఒంటికి పట్టే ఉంటుంది కదా, పైపైది తుడిస్తే ఏమవుతుందిలే అనుకున్నాను. మీ బావకి తెలిసి, 'వేసిన ఇస్త్రీ మీద నీళ్ళు చల్లుకున్నట్టుంది నీ పని' అన్నారు. ఈసారి నవ్వలేదు ఆయన.

తుడవడం మానేసి వారమైంది. పాత చొక్కాలు రెండు కోసి పిట్టకి ఇంటి బట్టలు కుట్టాను, వాటికి ఎంత జిడ్డు పట్టినా నాకు పట్టింపు లేదని శపథం చేశాను. మెడ నున్నబడింది. మోకాళ్ళ వెనక ఎరుపు తగ్గింది. మధ్యలో లేవకుండా పడుకుంటోందని అమ్మాయి చెప్పింది, చెప్తూ నా ఎదురుగానే కళ్ళు తుడుచుకుంది. మందులో ఏమీ లోపం లేదు, నీ అక్కలోనే ఉంది.

అయితే ముంజేతులు, భుజాలు మాత్రం అలాగే ఉన్నాయి. కొత్తగా మణికట్ల చుట్టూ కూడా ఎర్రబడుతోంది. అక్కడ మందు పనిచెయ్యదా?

నువ్వు రాసిన ఆ పాత సంగతి నాకు సరిగ్గా గుర్తులేదు. బాలింతరాలిని, ఏ ధ్యాసలో ఉన్నానో. అంత మనసులో పెట్టుకున్నావని తెలియదు.

దీంతో ఒక బొమ్మ పంపుతున్నాను. నీ గురించి చెప్తే పిట్ట కూర్చుని వేసింది. 'చిన్నమ్మమ్మకి పంపు, అందులో ఎవరెవరున్నారో చెప్పమను' అంది.

అక్క

*

గడియారాల షాపు
ఫిబ్రవరి 26

అక్కా,

తుడిచేశానన్న చోట షాపులో ఒక్కదాన్నే పగలబడి నవ్వాను. ఎదురుగా ఉన్న ఖాతాదారు తన గడియారాన్ని చూసి నవ్వుతున్నాననుకుని చిన్నబుచ్చుకున్నాడు. పిట్ట పడుకుంటోందని చదివాక మాత్రం కాసేపు పని చెయ్యలేకపోయాను. పడుకోవడం అంటే ఏమిటో గోక్కునేవాళ్ళకి తెలుస్తుంది.

బొమ్మ బల్ల మీద నా ఎదురుగా పెట్టుకున్నాను. పిల్లది గొప్ప కన్ను. నీ నెరిసిన జుట్టు నెరిసినట్టే వేసింది, నీ చెప్పు తెగి పిన్నీసు పెట్టిన చోట పిన్నీసు వేసింది. బావ చేతిలో ఇస్త్రీపెట్టెకి వైరు కూడా మర్చిపోలేదు. ఉన్నది ఉన్నట్టు తప్ప వేసే రకం కాదు.

అయితే నీ చేతులు మోచేతిదాకా పసుపు రంగు వేసింది. మిగతా అందరి చేతులూ మామూలుగా ఉన్నాయి.

ఆ పసుపు నాకు తెలుసు. బ్లీచు నీళ్ళ తొట్టి దగ్గర నువ్వు వేసుకునే రబ్బరు గ్లౌజులు. మందు రాసినంతసేపూ పిల్ల కదలకుండా ముంజేతులు, భుజాలు పట్టుకుని ఉంటావు, సరిగ్గా అక్కడే తగ్గలేదంటున్నావు. మణికట్టు దగ్గరే పట్టుకుంటావు, అక్కడే కొత్తగా ఎర్రబడిందంటున్నావు.

ఒక్కటే అడుగుతాను. పిల్లని ఆ గ్లౌజులతోనే ముట్టుకుంటున్నావా?

చెల్లి

*

లాండ్రీ, వెనక గది
మార్చి 5

చిన్నదానా,

అవును.

ఈ ఒక్క మాట రాసి కాగితం అలా వదిలేసి, మూడు మూటల బట్టలు ఉతికి వచ్చి మళ్ళీ కూర్చున్నాను. డాక్టరు అంటుకోదన్నాడు. నువ్వు ఎవరి తప్పూ కాదన్నావు. బడి గేటు దగ్గర ఆ తల్లితో నేనే అన్నాను. ఏమన్నానో రాయమన్నావు కదా, రాస్తున్నాను. 'మనిషి ఒంటిని చూసి మనిషిని దూరం పెడతావా, నీకు చదువెందుకు' అన్నాను. అంత మాట అని ఇంటికొచ్చి గ్లౌజులు వేసుకుని పిల్లకి స్నానం చేయించాను. నోటితో ఎన్ని చెప్పినా నా చేతులు నమ్మలేదు. చెమ్మ ఊరే చోటు చూస్తే ఒళ్ళు జలదరించేది. నలుగురి బట్టలు ముట్టుకునేదాన్ని కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అమ్మాయికి తెలియదు, సాయంత్రానికి అవి తీసి మేకుకి తగిలించేదాన్ని.

నీ ఉత్తరం వచ్చిన రోజు వాటిని వేసుకోలేదు. పిట్ట బల్ల మీద కూర్చుని చేతులు చాపింది. ముట్టుకున్నాను. గరుకుగా ఉంది, వేడిగా ఉంది, అంతకుమించి ఏమీ లేదు. రాస్తుంటే తన చెయ్యి చూడకుండా నా చేతులే చూస్తూ ఉంది. 'అమ్మమ్మా, నీ వేళ్ళకి ఇన్ని గీతలున్నాయా' అంది. ఐదేళ్ళు నా దగ్గర పెరిగిన పిల్ల, ఈ రెండు నెలల్లో నా చేతులెలా ఉంటాయో మర్చిపోయింది.

నాకు అన్నీ గుర్తున్నాయి. ఆ గుడ్డ నీలంది, అంచుకి తెల్ల కుట్టు ఉంది. అది నువ్వు కుట్టి తెచ్చిందే. మరగబెడితే రంగంతా దిగిపోయింది. నువ్వు గుమ్మంలో నిలబడ్డావని తెలుసు, తల ఎత్తలేదు. బస్సుకి వెళ్తున్నావని తెలుసు, వంటింట్లోంచి రాలేదు. గుర్తులేదని రాసినది అబద్ధం.

ఇంకోటి ఉంది. ఇది నీకు తెలియదు. అమ్మాయి ఊహ తెలిశాక, 'పిన్ని మనింటికి ఎందుకు రాదు, నన్నెందుకు ఎత్తుకోదు' అని అడిగింది. 'పిన్నికి పిల్లలంటే చిరాకు' అని చెప్పాను. అప్పటికి నోరు మూయించడానికి అన్నాను. తర్వాత దాన్ని వెనక్కి తీసుకోవడానికి ధైర్యం చాలలేదు. అందుకే అది నీ దగ్గరికి రాదు.

నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అయినా అడుగుతున్నాను. రా.

అక్క

*

గడియారాల షాపు
మార్చి 13

అక్కా,

ముందు చెప్పాల్సింది చెప్తాను. ఆ గ్లౌజులకి ఎంత కడిగినా బ్లీచు, సోడా కొంత మిగిలే ఉంటాయి. ఆ రబ్బరే పడనివాళ్ళు కూడా ఉంటారు. పిట్టకి అదో ఇదో మనం తేల్చలేం. మణికట్టు సంగతి అమ్మాయి చేత డాక్టరుకి చెప్పించు, అవసరమనుకుంటే ఆయన పరీక్ష చేస్తాడు. నువ్వు మామూలు చేతులు శుభ్రంగా కడుక్కుని రాస్తే చాలు. మందు నీ చేతులకి కూడా మంచిదే, బ్లీచు నీళ్ళల్లో నాని నాని అవీ పగిలే ఉంటాయి.

నీ ఉత్తరం నాలుగు రోజులు బల్ల సొరుగులో పెట్టి తాళం వేశాను. నన్ను ఎత్తుకోనివ్వలేదన్నది నాకు తెలిసిన దెబ్బ. తెలిసినదాంతో మనిషి ఎలాగో బతుకుతుంది. నేనూ బతికాను, గడియారాలు బాగుచేసుకుంటూ, నీళ్ళతో పనిలేని పని చేసుకుంటూ. నాకు తెలియనిది ఈ రెండోది. ఆ అమ్మాయి ప్రతి పుట్టినరోజుకీ నేను ఏదో ఒకటి పంపుతూనే ఉన్నాను. 'థాంక్యూ పిన్నీ' అని రెండు ముక్కలు వచ్చేవి. నాలో ఏం చూసి దూరంగా ఉంటుందా అని అద్దంలో చూసుకునేదాన్ని. నా మెడ చూసుకునేదాన్ని, మోచేతులు చూసుకునేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళు నా చర్మాన్నే అనుమానించాను, నీ మాట అని అనుకోలేదు.

నీమీద చాలా కోపంగా ఉంది. రాయకపోతే తగ్గదు కాబట్టి రాస్తున్నాను. కానీ 'అవును' అని ఒక్క మాట రాసి వెళ్ళి మూడు మూటలు ఉతికి వచ్చానన్నావు చూడు, అక్కడ నా అక్క కనబడింది. ఏడవాల్సి వస్తే నువ్వు చిన్నప్పుడూ అంతే, ఉతికిన బట్టలు కూడా మళ్ళీ ఉతికేదానివి.

నాకు క్షమాపణలు వద్దు. మీ అమ్మాయికి నిజం చెప్పు. నేను చెప్పను, అది నీ వంతు.

ఈ నెల ఇరవై రెండున శనివారం వస్తున్నాను, రెండు రోజులు ఉంటాను. పిట్ట కోసం. ఈసారి వీధి గదిలో కూర్చోను, లోపలికి వస్తాను. నా పక్క దుప్పటికి సెంటు మందు కొట్టావంటే అదే బస్సుకి వెనక్కి పోతాను.

చెల్లి

*

లాండ్రీ, వెనక గది
మార్చి 19

చిన్నదానా,

నీ దుప్పటి ఉత్త నీళ్ళల్లో నాలుగుసార్లు జాడించాను. మీ బావ దాన్ని ముక్కుకి దగ్గరగా పెట్టుకుని చూసి, 'ఏ వాసనా లేదు, మొదటిసారి నీ చేతికింద ఒక బట్ట బతికిపోయింది' అన్నారు.

మణికట్టు చూపించాం. గ్లౌజులు ఆపితే చాలన్నాడు డాక్టరు, రెండు వారాలు చూసి మళ్ళీ రమ్మన్నాడు. అప్పుడే సగం తగ్గింది. గ్లౌజుల సంగతి అమ్మాయికి డాక్టరు ముందే చెప్పాల్సి వచ్చింది. దారంతా నాకంటే నాలుగడుగులు ముందే నడిచింది. ఇల్లు చేరాక, 'నా కూతుర్ని చూసి నీకు అసహ్యం వేసిందా అమ్మా' అంది. భయమేసిందన్నాను. 'ఇప్పుడు లేదుగా' అంది. లేదన్నాను.

ఆ రెండోది మాత్రం ఇంకా చెప్పలేదు. రెండుసార్లు మొదలుపెట్టాను. ఒకసారి అమ్మాయి బస్సుకి టైమైందని వెళ్ళిపోయింది. రెండోసారి ఎవరూ ఎటూ వెళ్ళలేదు, నాకే నోరు పెగల్లేదు. దీని తర్వాత అది నన్ను ఎలా చూస్తుందో అని. నువ్వు వచ్చేలోపు చెప్పెయ్యాలని ఉంది. మాట ఇవ్వలేను, ప్రయత్నిస్తాను.

అక్క

*

లాండ్రీ, వెనక గది
మార్చి 28

చిన్నదానా,

క్షేమంగా చేరానని నీ కార్డు అందింది. నువ్వు వెళ్ళినప్పటినుంచీ పిట్ట ఇస్త్రీ బల్ల మీద కూర్చుని అందరి చేతి గడియారాలూ విప్పమంటోంది. మోకాళ్ళ వెనక మళ్ళీ కొంచెం ఎర్రబడింది. చెమట పట్టిందేమో. నువ్వు చెప్పావు కాబట్టి కంగారు పడలేదు, ట్యూబు తీశాను. అమ్మాయి ఒక నోటుబుక్కు పెట్టింది, ఏ రోజు ఎక్కడ దురద పెట్టిందో, ఆ రోజు ఏం జరిగిందో పిట్టే దాంట్లో బొమ్మలు వేస్తోంది.

నీకు ఒక సంగతి చెప్పాలి. నువ్వుండగా చెప్పలేదు.

నువ్వు వచ్చేలోపు చెప్తానన్నది చెప్పలేకపోయాను. శనివారం బస్సు దిగి నువ్వు నా మొహం చూడగానే అది నీకు తెలిసిపోయింది, అయినా ఏమీ అడగలేదు. సరాసరి లోపలికి వచ్చి చేతులు కడుక్కుని పిట్టని ఎత్తుకున్నావు. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నువ్వు మడత కుర్చీలో కూర్చుని దాని చేతులకి మందు రాశావు, నీ చేతులకి అది రాసింది. అలాగే ఇద్దరూ నిద్రపోయారు. పిట్ట నీ ఎడమ చేతి మీద తల పెట్టుకుంది. మోచేతి మడతలో నీకు ఎక్కడ గరుకుగా ఉంటుందో సరిగ్గా అక్కడే దాని చెంప ఉంది.

అప్పుడే అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట నువ్వు నిలబడిన గుమ్మం అదే. మెల్లిగా అంది, 'పిన్నికి పిల్లలంటే చిరాకన్నావు కదమ్మా.'

ఇక తప్పించుకోవడానికి నాకు చోటు లేదు. ఉతకడానికి మూటలు కూడా లేవు, ఆదివారం కదా. 'పిన్నికి చిరాకు లేదు' అన్నాను. 'నాకే భయం ఉండేది. నీకు ఇరవై రోజులప్పుడు పిన్ని నిన్ను ఇలాగే ఎత్తుకుంది. నేనే దాని చేతుల్లోంచి నిన్ను లాక్కున్నాను. నీ కూతురికి ఉన్నదే దానికీ ఉంది, అది అంటుకుంటుందనుకున్నాను. నువ్వు అడిగితే నేను చేసింది చెప్పలేక, తప్పు దాని మీద వేశాను.'

అమ్మాయి నన్ను తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. 'పిన్ని పంపిన బొమ్మలన్నీ నేను వేరేవాళ్ళకి ఇచ్చేసేదాన్ని' అంది, అంతే. బ్యాగు కింద పెట్టింది. చెప్పులు విప్పింది. వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చింది, ఎందుకో నేనడగలేదు. వచ్చి నీ కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. నీ కుడిచెయ్యి పక్కకి వేలాడుతూ ఖాళీగా ఉంది. దాన్ని రెండు చేతులతో తీసుకుని, అరచేతిలో తన మొహం పెట్టుకుంది.

నువ్వు లేవలేదు. నిద్రలోనే ఒకసారి బొటనవేలితో దాని చెంప నిమిరావు, పిట్టే అనుకుని ఉంటావు.

నేను వంటింట్లోకి పోలేదు. అక్కడే నిలబడి చూశాను.

సాయంత్రం నీకు మెలకువ వచ్చి, 'ఈ అమ్మాయి ఎప్పుడొచ్చింది' అని అడిగావు. ఇప్పుడే అన్నాం ఇద్దరం. ఇప్పుడే కాదు. గంటన్నర నుంచీ నీ దగ్గరే ఉంది.

అక్క